ఎరుపు ఎడమకి, నీలం కుడికి

కాటమరాజు గిద్దలూరులోని ఫోటో స్టూడియోలోకి వచ్చీ రాగానే, చెప్పులు బయట విడవాలన్న సంగతి కూడా మర్చిపోయి, నేరుగా యజమాని మోహన్‌కృష్ణ బల్ల దగ్గరికి పోయి ఫోను చూపించాడు. "ఇట్ల గావాల మా వాణికి" అన్నాడు.

ఫోనులో ఎవరో పిల్ల నిలబడి ఉంది. ఆ పిల్లకి ఒక పక్క ఎర్ర అంచు, ఇంకో పక్క నీలం అంచు. అచ్చేసేటప్పుడు కాగితం కదిలిపోయిన పాత వాల్‌పోస్టరు మాదిరి ఉంది. దీన్ని రెట్రో అంటారని కాటమరాజే చెప్పాడు. రెండు రోజులుగా ఆ మాటను నోట్లో నానబెట్టుకుని ఉన్నాడేమో, ముద్దుగా పలికాడు.

ఆయనది రాచర్ల పక్క పల్లె. మూడు వందల జీవాలున్న ఆసామి. పోయిన వారం కూతురు వాణికి ఓణీల ఫంక్షన్ చేశాడు. ఫోటోలు మోహన్‌కృష్ణ తీశాడు, ఆల్బమ్ కూడా అయిపోవచ్చింది. నడిమి పేజీ ఒక్కటే మిగిలింది. ఆ పేజీలో పిల్ల మంద మధ్యలో నిలబడాలట. అద్దాలు పట్టుకుని చూస్తే పొట్టేలు కాగితంలోంచి లేచి మీదికి రావాలట. అద్దాలు మేనల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. చెవులకు తగిలించుకునేవి కావవి, అట్టముక్కకు రెండు కిటికీలు కోసి, ఒకదానికి అవతలికి కనపడే ఎర్ర ప్లాస్టిక్ కాగితం, ఇంకోదానికి నీలం ప్లాస్టిక్ కాగితం అంటించినవి. చేత్తో కళ్ళ ముందు పట్టుకుని చూడాలి. జేబులోంచి నాలుగు తీసి బల్ల మీద పడేశాడు. ఆదివారానికల్లా ఆల్బమ్ చేతికి రావాలని చెప్పాడు. సోమవారం తెల్లారి మంద వలస పోతుంది. మళ్ళీ ఇంటిల్లిపాదీ ఒకచోట చేరేది వానలు పడినాకే.

మోహన్‌కృష్ణ జన్మలో ఎవరికీ కాదన్న పాపాన పోలేదు. చంద్రుడి మీద ఫోటో కావాలన్నా, సాయంత్రం రమ్మంటాడు. "అదెంతసేపన్నా, మా లీదియా పది నిమిషాల్లో చేసి పారేస్తది" అన్నాడు.

నిజానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మూలన కంప్యూటర్ ముందున్న లీదియా, ఫంక్షన్ రోజు పొద్దున మందలో తీసిన వాణి ఫోటో తెరిచింది. దాని మీదే ఇంకో కాపీ వేసింది. పైదానికి ఎరుపు ఒక్కటి ఉంచి మిగతా రంగులు ఆపేసింది. కిందదానికి ఎరుపు ఆపేసింది. పైదాన్ని బాణం మీటతో పన్నెండు నొక్కులు ఎడమకి జరిపింది. అంతే, ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం. గిద్దలూరు కుర్రాళ్ళ పుట్టినరోజు పోస్టర్లకు ఇలాంటివి బోలెడు చేసి ఉంది.

కాటమరాజు అట్టముక్క కళ్ళకు ఆనించుకుని తెర ముందుకు వంగాడు. వెనక్కి జరిగాడు. మళ్ళీ వంగాడు. "గీతలుండాయి. పొట్టేలు యాడ లేచింది?"

మోహన్‌కృష్ణ కూడా చూశాడు. ఏదీ లేవలేదు. మొత్తం ఫోటో పలకలాగ చదునుగా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తెర తుడవలేదని కాసేపు, అద్దాలు నాసిరకమని కాసేపు అన్నాడు. చివరికి లీదియా వైపు తిరిగి, "గుడ్డికన్ను తెరిస్తేనేం మూస్తేనేం అన్నట్టుంది నీ పని. నువ్వే చూడు" అని అట్టముక్క ఆమె చేతిలో పెట్టాడు.

ఆ సామెత వినగానే లీదియా మౌసు వదిలేసింది. ఆయన ఏమీ తెలిసి అన్నది కాదు. అట్టముక్క ఎత్తి పట్టుకుంది. ఎడమ కిటికీలో ఎరుపు, కుడి కిటికీలో నీలం. ఆమెకు నీలం ఒక్కటే కనిపించింది.

లీదియాకు ఎడమ కన్ను కనపడదు. మార్కాపురంలో పలకలు కోసే షెడ్డులో పదకొండేళ్ళప్పుడు ఎగిరొచ్చి తగిలిన పెచ్చు లోపల లోపలే చూపు తినేసింది. బయటికి కన్ను కన్నులాగే ఉంటుంది. ఈ సంగతి అమ్మకి, మొగుడు జాకబ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. పనిలో చేరేనాడు మోహన్‌కృష్ణ చదువు అడగలేదు, ఊరు అడగలేదు. "కళ్ళు బాగుండాయా? ఈ పనికి కావాల్సింది కళ్ళే" అన్నాడు. బాగున్నాయి సార్ అంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఒక్క అబద్ధం మీద నిలబడి ఉంది ఆమె ఉద్యోగం. ఆమెకన్నా ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయనకు చూపు మందగిస్తే, మోహన్‌కృష్ణ శాలువా కప్పి మర్యాదగా ఇంటికి పంపించాడు. ఆ శాలువా కథ ఆయనే ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాడు.

"అవును సార్, లేవలేదు" అంది లీదియా. అందులో అబద్ధం లేదు, అదే నయం.

ఆదివారానికి లేపి చూపిస్తామని మోహన్‌కృష్ణ మాట ఇచ్చేశాడు. కాటమరాజు పోయినాక, ఈ పేజీ సరిగా రాకపోతే రాచర్ల చుట్టుపక్కల ఇంకెవరూ మన గడప తొక్కరని ఆమెతో అన్నాడు.

ఆ రాత్రి లీదియాకు అన్నం సహించలేదు. జాకబ్ ఏమైందని అడిగితే, ఏం లేదంది. ఏదైనా ఇద్దరు చూడాల్సిన బొమ్మను ఒక్కరే చూసి బాగుందని చెప్పాల్సి వస్తే ఏం చేస్తావని తిరిగి అడిగింది. జాకబ్‌కి ఇద్దరంటే రెండు కళ్ళని అర్థం కాలేదు. పాపం, పొద్దంతా కూలికి పోయొచ్చిన మనిషి, తలూపి పడుకున్నాడు.

గురువారం పొద్దున ఆటోలో చివర కూర్చుని వస్తోంది. రోడ్డు పక్క తుమ్మచెట్లు వెనక్కి పరిగెత్తుతున్నాయి. వాటి అవతల చేలగట్లు మెల్లగా జరుగుతున్నాయి. దూరంగా నల్లమల కొండలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం ఆమె మనసు అక్కడ చిక్కుకుపోయింది. టీ పోసేటప్పుడు గ్లాసు ఎంత దూరంలో ఉందో అందక ఆమె తల అటూ ఇటూ ఆడిస్తుంది. తల ఆడిస్తే దగ్గరున్న గ్లాసు ఎక్కువ కదులుతుంది, వెనకున్న గోడ కదలదు. దాన్ని బట్టి పోస్తుంది. కొత్తల్లో జాకబ్, గంగిరెద్దులాగ ఆ తల ఊపుడేందని నవ్వేవాడు.

నిన్న తను చేసిందేమిటి? ఒకే ఫోటోను రెండుసార్లు వేసి మొత్తంగా పక్కకు జరిపింది. పొట్టేలూ పన్నెండు నొక్కులే, పిల్లా పన్నెండు నొక్కులే, వెనక గుట్టా పన్నెండు నొక్కులే. చెట్టూ కొండా ఒకే వేగంతో పరిగెత్తితే ఏది దగ్గర, ఏది దూరమని ఎలా తెలుస్తుంది? కావలసింది రెండు ఫోటోలు. ఒకటి ఎడమ కన్ను నిలబడేచోట నుంచి, ఒకటి కుడి కన్ను నిలబడేచోట నుంచి. రెండు కళ్ళున్నవాళ్ళకు ఈ లెక్కతో పనే లేదు, వాళ్ళకు దేవుడే చేసి పెట్టాడు. లెక్క వేసుకుని బతికేది తనలాంటి వాళ్ళే.

ఆటో దిగుతూనే ఈ మాట మోహన్‌కృష్ణకు చెప్పింది, ఫోటో మళ్ళీ తీయాలని, రెండు కెమెరాలతో ఒకేసారి తీయాలని. నీకెట్ల తెలుసని అడిగాడు. ఫోనులో ఏదో వీడియో చూసినానంది. ఒక అబద్ధం ఉన్నచోట ఇంకోదానికి జాగా ఎప్పుడూ ఉంటుంది.

శుక్రవారం పొద్దున ఇద్దరూ కాటమరాజు మంద దగ్గరికి పోయారు. మోహన్‌కృష్ణదీ ఆయన బావమరిదిదీ ఒకే రకం ఫోన్లు. ఆ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి, చెక్క స్కేలుకు రబ్బరు బ్యాండ్లతో కట్టింది లీదియా. రెండు లెన్సుల మధ్య దూరం మనిషి రెండు కళ్ళ మధ్య దూరమంత వచ్చింది. అంతవరకు బాగానే ఉంది. గొర్రె ఒక్క క్షణం నిలబడితే కదా! ఒకటి తల దించుతుంది, ఒకటి వాణి కొత్త ఓణీ నమలబోతుంది. రెండు ఫోన్లూ ఒకేసారి నొక్కడం మోహన్‌కృష్ణ వల్ల కాలేదు. ఒక ఫోటోలో పొట్టేలు ఉంటే ఇంకోదాంట్లో దాని తోక ఉంది. గంటసేపు కాళ్ళు కాలిన పిల్లిలాగ తిరిగాడు ఆ మనిషి.

వీడియో తీద్దామంది లీదియా. రెంటిలోనూ వీడియో నడవనిచ్చి, మధ్యలో ఒక శబ్దం చేస్తే, ఆ శబ్దం పట్టుకుని రెండు వీడియోల్లో ఒకే క్షణం ఏదో వెతకొచ్చు. పెళ్ళి వీడియోలకు చప్పట్లు కొట్టి చేసే పనే. మోహన్‌కృష్ణ చప్పట్లు కొడితే గొర్రెలు బెదిరి చెదిరిపోయాయి.

కాటమరాజు తల్లి వెంకటసుబ్బులమ్మ దొడ్డి వాకిట కూర్చుని ఇదంతా చూస్తోంది. ఒడిలో నాలుగు రోజుల గొర్రెపిల్ల ఉంది. డెబ్బై దాటినా ప్రతి ఏడూ మందతో వలస పోయేది ఆమే. దారిలో ఈనిన పిల్లల్ని బతికించేది ఆమే. ఆమె ముసిముసిగా నవ్వి, "చప్పట్లకి గొర్రె నిలబడతదంట్రా? నీ కేక ఎయ్యి" అంది కొడుకుతో.

కాటమరాజు గొంతు సవరించుకుని "హెయ్‌య్" అని ఒకే ఒక్క కేక వేశాడు. మూడు వందల తలలూ ఒక్కసారి లేచాయి. అన్నీ ఇటే చూశాయి. మధ్యలో వాణి, ఆ పిల్ల కాళ్ళ ముందు కొమ్ములు తిరిగిన పొట్టేలు. రెండు ఫోన్లలోనూ ఆ కేక పడింది.

శనివారం అంతా ఆమె కుర్చీ దిగలేదు. రెండు వీడియోల్లో కేక ఎక్కడ లేచిందో శబ్దం గీతలో చూసి పట్టుకుంది. ఎడమ ఫోను బొమ్మకు ఎరుపు ఉంచింది, కుడి ఫోను బొమ్మకు నీలం ఉంచింది, ఒకదాని మీద ఒకటి వేసింది. వాణి నుదుటి బొట్టు మీద బొట్టు సరిగ్గా కూర్చునేదాకా జరిపింది. పిల్ల కాగితం మీద నిలబడుతుంది, పొట్టేలు ముందుకు రావాలి, గుట్ట వెనక్కి పోవాలి. ఫోన్లు ఒక వెంట్రుకవాసి ఎత్తుపల్లాలుగా ఉంటే అదీ సరిచేసింది.

ఇక చూడాలి. అట్టముక్క ఎత్తి నీలం కిటికీ కుడి కంటికి పెట్టుకుంది, ఒక బొమ్మ. తిరగేసి ఎర్ర కిటికీ అదే కంటికి పెట్టుకుంది, ఇంకో బొమ్మ. నీలం, ఎరుపు, నీలం, ఎరుపు. పిల్ల కదలలేదు. పొట్టేలు ఒక పక్కకు దూకింది, గుట్ట ఇంకో పక్కకు జరిగింది. లెక్క సరిపోయింది. అయినా మనసు కుదుటపడలేదు. లెక్క సరిపోవడం ఒకటి, కంటికి లేవడం ఒకటి. ఆ లేవడమనేది ఎలా ఉంటుందో ఆమె మర్చిపోయి ఇరవై మూడేళ్ళు అయింది. వండిన కూర తను రుచి చూడకుండా వడ్డించినట్టుంది ఆమె పని.

మోహన్‌కృష్ణను పిలిచింది. ఆయన అట్టముక్క పెట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. అప్పుడు ఆయన చెయ్యి మెల్లగా లేచింది. గాలిలో పొట్టేలు మూతిని తాకబోయింది.

"నాయనో" అన్నాడు. "నువ్వు కూడా చూడు."

ఆమె కూడా చూసింది. "లేచింది సార్" అంది. "లేచింది సార్" అంది. ఆయన సంతోషం చూస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. ఏ ముచ్చటైతే తన చేతుల మీదుగా పుట్టిందో, దాన్ని చూసినట్టు నటించాల్సి వచ్చిందే అన్న కడుపుమంట అది.

ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన ముగించుకుని లీదియా స్టూడియోకి వచ్చేసరికి కాటమరాజు కుటుంబం ఆల్బమ్ కోసం కూర్చుని ఉంది. కాటమరాజు, వాణి, వెంకటసుబ్బులమ్మ. రాత్రికి రాత్రి అచ్చు వేయించి అతికించిన నడిమి పేజీ తెరిచారు. కాటమరాజు ముందుగా అట్టముక్క పట్టుకున్నాడు, అదీ తిరగేసి. గొర్రెలన్నీ గుంటలో పడినాయేందని లబోదిబోమన్నాడు. ఎరుపు ఎడమకి, నీలం కుడికి ఉండాలని లీదియా తిప్పి పట్టించింది. ఆయన ఒక్కసారి వెనక్కి ఉలిక్కిపడ్డాడు. పొట్టేలు నా మీసం నాకబోయింది చూడమని పగలబడి నవ్వాడు. వాణి చూసి అరిచినంత పని చేసింది, పేజీ మీద రెండు చేతులూ తిప్పింది, తన ఓణీ అంచు పట్టుకోబోయింది. మోహన్‌కృష్ణ ఇదంతా పుట్టుకతో తెలిసిన విద్య అన్నట్టు నిలబడ్డాడు.

తర్వాత అట్టముక్క అవ్వ చేతికి ఇచ్చారు. ఆమె కళ్ళకు ఆనించుకుంది. కాసేపు చూసింది. "ఆఁ, లేచింది, బాగా లేచింది" అంది. ఒక్క క్షణం ఆగి, అప్పుడు చెయ్యి చాచి గాలిని తాకింది.

లీదియా ఆ చేతినే చూస్తోంది. చూసినవాళ్ళ చెయ్యి మాటకన్నా ముందు లేస్తుంది. ఈ చెయ్యి మాట తర్వాత లేచింది. నిన్న తన చెయ్యి కూడా అట్లాగే లేచింది.

"అవ్వా, తిరగేసి పట్టుకున్నావు గదా" అంది వాణి. "తిరగేస్తే గుంటలో పడాల. నీకెట్ల లేచినాయి?"

నవ్వారు. అవ్వ కూడా నవ్వింది, అట్టముక్క గబగబా తిప్పి, "ఇప్పుడు ఇంకా లేచినాయి" అంది. కాటమరాజు నవ్వు మాత్రం ఆగిపోయింది. ఆయన గొర్రెల కాపరి. ఏ జీవం కుంటుతుందో, ఏది మేత వదిలేసిందో మందలో దూరం నుంచే పసిగట్టే మనిషి. తల్లి ముఖంలోకి వంగి చూశాడు.

"అమ్మా, పొట్టేలు ముందుకొచ్చిందా, వాణి ముందుకొచ్చిందా?"

అవ్వ అట్టముక్క మళ్ళీ కళ్ళకు ఆనించుకోబోయింది. కాటమరాజు అరచెయ్యి ఎత్తి తల్లి ఎడమ కన్ను మూయబోయాడు. "ఈ కన్ను మూస్తా. నా చేతి ఏళ్ళు ఎన్నో చెప్పు."

ఆ ముసలి ముఖంలో భయం ఎలా ఉందో లీదియాకు అద్దంలో చూసుకున్నట్టు తెలిసింది. తనది ఉద్యోగం భయం, ఆమెది ఇంకేదో భయం. అదేదో అడిగి తెలుసుకునే వ్యవధి లేదు.

"ఆగన్నా" అంది. "ఆ బొమ్మ అందరికీ లేవదు. వయసు మీద పడినోళ్ళకి ఎరుపూ నీలం తేడా తెలియదు. అవ్వనేం అడుగుతావు, నాకే లేవదు. నాకు ఎడమ కన్ను కనపడదు."

అందరూ ఆమె వైపు తిరిగారు. కాటమరాజు అరచెయ్యి గాలిలో ఆగి, కిందికి దిగింది. మోహన్‌కృష్ణ ముఖంలో రంగులు మారాయి. ఎవరూ ఇక అవ్వను చూడలేదు. లీదియా నోరు ఆగలేదు. చిన్నప్పుడే పోయిందని, ఈ పేజీ లెక్క కట్టి చేసినానే తప్ప చూసి చేయలేదని చెప్పేసింది.

కాటమరాజు ఆల్బమ్ మీద చెయ్యి వేసి, ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. "శుభమా అని పిల్ల ఫంక్షన్ బొమ్మ, ఒంటి కన్ను..." అని మిగతాది మింగేశాడు.

"నోరు ముయ్యిరా" అంది వెంకటసుబ్బులమ్మ. "పొట్టేలు నీ మీదికి వచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"మరి ఇంగేంది? మూట గట్టు."

ఆయన మూట కట్టాడు. తువ్వాల్లో ఆల్బమ్ చుట్టుకుని కూతురితో పాటు ఆటో దగ్గరికి నడిచాడు. అవ్వ దాహమని వెనక ఆగింది. లీదియా గ్లాసుతో నీళ్ళిచ్చింది. అవ్వ ఒక గుక్క తాగి, వాకిలి వైపు ఒకసారి చూసి, దగ్గరికి జరిగింది.

"నాది కుడిది" అంది. "కార్తీకం కాడ్నుంచి. తెలిస్తే నన్ను మందెంట రానియ్యరు పాపా. ఇంటికాడ మంచం మీద కూసోబెడతారు. దారిలో ఈనే గొర్రెపిల్లల్ని ఎవురు చూస్తారు?"

పొర అయ్యుంటుందని, తీపించుకుంటే మళ్ళీ చూపు రావచ్చని, ఆస్పత్రికి పోవాలని లీదియా చెప్పింది. తిరిగొచ్చినాక పోతానంది అవ్వ. ఒట్టు వెయ్యమంటే జీవాల మీద ఒట్టేసింది. లీదియా చెంప ఒకసారి నిమిరి, గడప ఎక్కడుందో కాలితో తడిమి చూసుకుని దిగిపోయింది.

ఆటో పోయింది. లీదియా తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. కంప్యూటర్ ఆపలేదు, పని మొదలుపెట్టలేదు. శాలువా ఎప్పుడు తెప్పిస్తాడా అనుకుంది. మోహన్‌కృష్ణ బల్ల మీదున్న స్టేప్లర్ తీసి పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఆ పొద్దే చెప్పుంటే నిన్ను పెట్టుకునేవాణ్ణి కాదు" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు.

"అందుకే చెప్పలేదు సార్."

ఆయన స్టేప్లర్ పక్కన పెట్టాడు. కాటమరాజు మొన్న మంద దగ్గర తీసినప్పటినుంచి ఈ బొమ్మ సంగతి ఊరంతా చెప్పినట్టున్నాడని, దోర్నాలలో హోటలాయన మనవడి పుట్టినరోజుకు ఇలాంటి పేజీయే కావాలని పొద్దున ఫోను చేశాడని చెప్పాడు. ఆ ఫోన్ల దూరం, ఆ జరపడం తనకు రాదని, షూటింగ్‌కి ఆమె కూడా రావాలని గొణిగాడు.

లీదియాకు ఊపిరి తేలికపడాల్సింది. పడలేదు. బదులుగా కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళుగా నిద్రలో కూడా దాచుకున్న సంగతి, చెప్పేశాక ఇంతేనా? ఈ మనిషికి తన కన్ను కాదు, తన చెయ్యి కావాలి. ఆ మాట తెలియక ఎన్ని రోజులు చచ్చి బతికింది! ఆయన లేచి వచ్చి, ఎప్పటిలాగే కుర్చీ పక్కన నిలబడి, తెర మీదికి వంగి దోర్నాల పని చెప్పబోయాడు. ఆమె ఉలిక్కిపడి, కుర్చీతో సహా పక్కకు జరిగింది.

"వస్తా సార్" అంది. "మీరు రోజూ ఇట్ల ఎడమ పక్క నుంచి వచ్చి నిలబడతారు. నాకు కనపడదు. తొమ్మిదేళ్ళుగా ప్రతిసారీ గుండె ఆగినంత పనైతది. ఇంగ మీదట కుడి పక్క నుంచి రండి."

మోహన్‌కృష్ణ ఆమె ముఖంలోకి చూశాడు, బహుశా మొదటిసారి ఆమె కళ్ళలోకి. కుర్చీ వెనకగా వైర్లు దాటుకుంటూ చుట్టూ తిరిగి, కుడి పక్కకు వచ్చి నిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు, దోర్నాల పని ఏమిటో.